నరాలు చచ్చుబడ్డాక మూత్రాశయంలో ఏం జరుగుతుంది?

(వెన్నుపాము దెబ్బతిన్న రోగుల కుటుంబ సభ్యులకు వార్డులో ఒక నర్సు ఇచ్చిన ప్రసంగ పాఠం)

వెనక ఉన్నవాళ్ళు కొంచెం ముందుకు జరగండి, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట వినబడదు. రోగి దగ్గర ఒకరుండి ఇంకొకరు రండి అని చెప్పాం గానీ కొందరు ఇద్దరూ వచ్చేసినట్టున్నారు. ఫరవాలేదు, డ్యూటీలో ఉన్న సిస్టర్లు చూసుకుంటారు.

నిన్న సాయంత్రం డ్రెస్సింగ్ చేస్తుంటే ఒక పెద్దాయన నన్నొక మాట అడిగారు. "సిస్టరమ్మా, మావాడి కాళ్ళు చూడండి, నాలుగు నెలల్లో పుల్లల్లా అయిపోయాయి. మరి లోపల మూత్రపు సంచి కూడా ఇలాగే ఎండిపోతుందా?" అని. ఎన్నో ఏళ్ళుగా ఈ వార్డులో పని చేస్తున్నాను, ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. అందుకే ఈ రోజు పడక పుండ్ల గురించి చెప్పాల్సింది పక్కన పెట్టి దీని గురించే మాట్లాడదామనుకున్నాను. పడక పుండ్ల గురించి వచ్చే వారం చెబుతాను.

జవాబు ముందే చెప్పేస్తాను. ఎండిపోదు. దానికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. నరం పోయిన కాలి కండ సన్నబడుతుంది. నరం పోయిన మూత్రాశయం గోడ మందమవుతుంది, బరువెక్కుతుంది, బిరుసెక్కుతుంది. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో నరాల సంబంధం తెగిన కొద్ది వారాల్లోనే మూత్రాశయం బరువు రెట్టింపు దాటిపోయిందని తేలింది. మనుషుల్లో ఇది ఇంకా నెమ్మదిగా, నెలల మీద, సంవత్సరాల మీద జరుగుతుంది. బయటికి కనపడదు, నొప్పి తెలియదు. కాళ్ళు సన్నబడడం రోజూ కళ్ళ ముందు చూసి ఏడుస్తాం. ప్రాణం మీదికి తెచ్చే మార్పు మాత్రం పొట్ట లోపల జరుగుతుంది.

ఎందుకిలా ఎదురు జరుగుతుంది? కాలికి పని ఆగిపోయింది. నడక లేదు, బరువు మోయడం లేదు, అందుకే కండ కరిగిపోయింది. మూత్రాశయానికి పని ఆగలేదు. కిడ్నీలకు నడుం విరిగిన సంగతి తెలియదు కదా! అవి రాత్రీ పగలూ రోజుకు లీటరున్నర, రెండు లీటర్ల మూత్రం చేసి కిందికి పంపుతూనే ఉంటాయి. సంచి నిండుతుంది, సాగుతుంది, ఖాళీ అయ్యే దారి సరిగ్గా లేదు. మూటలు మోసే హమాలీ భుజం కండ ఎలా పెరుగుతుందో, ఎప్పుడూ సాగదీసి ఉంచిన ఈ కండ కూడా అలాగే పెరుగుతుంది. హమాలీ కండ పెరిగితే బలం. ఇక్కడ పెరిగితే కష్టం.

మామూలు మనిషిలో ఇది ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళదాం. మూత్రాశయం పొత్తికడుపులో ఉండే కండ సంచి. మీరు మంచానికి వేలాడదీసే ప్లాస్టిక్ సంచిని కూడా 'మూత్రం సంచి' అంటారు కాబట్టి తికమక పడకండి, నేను చెప్పేది లోపలి దాని గురించి. పెద్దవాళ్ళకు అందులో 400 నుంచి 500 మి.లీ. పడుతుంది. లోపల నున్నటి పొర, దాని మీద కండ, కింద మూతిలాగా బిగించి ఉంచే మరో కండ. మంచి మూత్రాశయం గొప్పతనం ఏమిటంటే, నిండుతున్నా లోపల ఒత్తిడి పెరగదు. మన ఊరి చెరువు చూడండి, నీరు వస్తున్న కొద్దీ పరుచుకుంటుంది. అలాగే ఇది మెత్తగా సాగుతూ చోటిస్తుంది. నిండిన కబురు వెన్నుపాము ద్వారా మెదడుకు వెళుతుంది. సమయం, చోటు చూసుకుని మెదడు అనుమతి ఇస్తుంది. అప్పుడు పై కండ ముడుచుకుంటుంది, అదే క్షణంలో కింది మూతి వదులవుతుంది. ఈ రెండూ కలిసి జరగాలి. తూము తెరిచినప్పుడే కదా నీరు పారేది.

వెన్నుపాము దెబ్బ తిన్నప్పుడు ఈ కబుర్లు తెగిపోతాయి. మొదటి దశలో మూత్రాశయం పూర్తిగా మొద్దుబారి పడి ఉంటుంది. కొందరికి కొన్ని రోజులు, చాలామందికి కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలల దాకా. ఆ దశలో పైపు వెయ్యకపోతే సంచి ఊరికే ఉబ్బిపోతుంది. పొర్లిన మూత్రం కారుతుంది. లోపలి నున్నటి పొర కూడా ఈ మొదటి దశలోనే దెబ్బ తింటుంది. ఎలుకల్లో చూస్తే దెబ్బ తగిలిన గంటల్లోనే ఆ పొర పై వరస కణాలు రాలిపోయి, కొన్ని వారాల్లో మళ్ళీ కొత్తవి వచ్చాయట. తోలు ఊడి మళ్ళీ వచ్చినట్టు. ఇన్‌ఫెక్షన్ తొందరగా పట్టుకోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చని డాక్టర్లు అంటారు.

ఆ తర్వాత రెండో దశ. ఇక్కడే కుటుంబాలు పొరబడతాయి, కాబట్టి కాస్త శ్రద్ధగా వినండి.

మూత్రాశయానికి సంబంధించిన నరాల కేంద్రం వెన్నుపాము చివరి కొసలో ఉంటుంది. వెన్నుపాము నడుం దాకా రాదు, పై నడుం దగ్గరే అయిపోతుంది. దెబ్బ ఆ కొస కంటే పైన తగిలితే కేంద్రం బతికే ఉంటుంది. కానీ దాన్ని అదుపు చేసే మెదడుతో సంబంధం పోతుంది. అంతవరకు నిద్రపోతూ ఉన్న సన్నటి నరాలు కొన్ని అప్పుడు మేల్కొని, కొత్త దారిలో కబుర్లు మోయడం మొదలుపెడతాయి. కొద్దిగా నిండగానే మూత్రాశయం తనంత తాను ముడుచుకుంటుంది. యజమాని లేని ఇల్లు లాగా అన్నమాట. అది ముడుచుకునే సమయానికి కింది మూతి వదులు కావాలి కదా? చాలామందిలో వదులు కాదు, ఇంకా బిగుసుకుంటుంది. తూము మూసి, చెరువును నాలుగు వైపుల నుంచి పిసికినట్టు ఉంటుంది లోపల పరిస్థితి. ఆ పోరాటంలో కొంచెం బయటికి చిమ్ముతుంది, బట్టలు తడుస్తాయి. సగం పైగా లోపలే ఉండిపోతుంది.

ఆ తడిసిన బట్ట చూసి మన ఇళ్ళల్లో ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు. ఒక విషయం చెబుతాను. చెప్పడం నాకు అంత సులువు కాదు.

చాలా ఏళ్ళ కిందట గోదావరి వైపు నుంచి ఒక కల్లుగీత కార్మికుడు వచ్చాడు. తాడిచెట్టు మీద నుంచి పడ్డాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. భార్యకు నేనే దగ్గరుండి పైపు వెయ్యడం నేర్పాను. చదువు లేదు గానీ చెయ్యి ఎంత నేర్పు గల చెయ్యో! నాలుగు రోజుల్లో నా స్టూడెంట్ నర్సుల కంటే బాగా వేసింది. నాలుగు గంటలకొకసారి వెయ్యమ్మా అని చెప్పి పంపాను. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది. అది చదివే మనిషి ఆ ఇంట్లో లేడు.

ఏడాదిన్నర తర్వాత అతన్ని జ్వరంతో, వాంతులతో జీపులో వేసుకొచ్చారు. ముఖం ఉబ్బి ఉంది. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ వాచి ఉన్నాయి. రక్తంలో క్రియాటినిన్ ఒకటి లోపు ఉండాల్సింది 4.2 ఉంది. "పైపు వెయ్యడం లేదా అమ్మా?" అని అడిగితే ఆ పిల్ల చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే. "మూడు నెలలకే ఆయనకి తనంత తానే రావడం మొదలైంది సిస్టరమ్మా. దేవుడు దయ చూశాడని ఊళ్ళో అందరికీ భోజనాలు కూడా పెట్టాం. ఇంక పైపెందుకని ఆపేశాం." ఆవిడ తప్పేముంది అందులో? ఎలా వెయ్యాలో చెప్పాను, ఎన్ని గంటలకో చెప్పాను. ఎందుకో చెప్పలేదు, ఎప్పటి దాకానో చెప్పలేదు. అది నా తప్పు. పైపు పెట్టి ఉంచాక క్రియాటినిన్ 2.1 దాకా దిగింది, అక్కడే ఆగింది. ఆ మనిషి ఇంకా ఉన్నాడు, చెకప్‌కు వస్తాడు. కానీ పోయిన కిడ్నీ పనితనం తిరిగి రాలేదు.

కాబట్టి బట్టలు తడుస్తున్నాయంటే నరం బాగుపడిందని కాదు. ఎంత కారింది అన్నది కాదు చూడాల్సింది, కారిన తర్వాత లోపల ఎంత మిగిలింది అన్నది. అది పైపు వేసి కొలిస్తే గానీ, స్కానింగ్ చేస్తే గానీ ఎవరికీ తెలియదు, నాకు కూడా తెలియదు.

ఇప్పుడు ఆ గోడ సంగతికి వద్దాం. అతని మూత్రాశయంలోకి చిన్న కెమెరా గొట్టం పెట్టి చూసినప్పుడు డాక్టరు గారు నన్ను కూడా చూడమన్నారు. నులక మంచం చూశారు కదా మీరంతా? అడ్డంగా, నిలువుగా తాళ్ళు, మధ్యలో సందులు. లోపల గోడ అచ్చం అలా ఉంది. నున్నగా ఉండాల్సిన గోడ మీద కండ పోగులు తాళ్ళలా లేచి ఉన్నాయి. ఒక్కో కండ కణం లావెక్కుతుంది, కణాల సంఖ్య కూడా పెరుగుతుంది, అందుకే ఆ తాళ్ళు. ఎప్పుడూ ఒత్తిడి ఉండేసరికి తాళ్ళ మధ్య సందుల్లోంచి లోపలి పొర బయటికి ఉబ్బి చిన్న చిన్న తిత్తులు తయారవుతాయి. ఆ తిత్తులకు కండ ఉండదు, వాటిలో చేరిన మూత్రం కదలదు. నిలవ నీటిలో ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు. రాళ్ళు కూడా అక్కడే పడతాయి.

ఇంకా కొన్నాళ్ళకు కండ పోగుల మధ్య గట్టి నార పెరుగుతుంది. పుండు మానిన చోట మచ్చ కడుతుంది చూడండి, ఆ రకం నార. మచ్చ పడ్డ చర్మం సాగదు. సైకిలు ట్యూబు కొత్తప్పుడు ఎలా సాగుతుంది, ఎండలో పడి పాతబడ్డాక ఎలా ఉంటుంది? 500 మి.లీ. మెత్తగా పట్టుకున్న సంచి 200 పట్టడానికే బిర్రుగా అయిపోతుంది. కండ లావెక్కడం వరకైతే, సరిగా ఖాళీ చేస్తూ మందులు వాడితే కొంతవరకు తగ్గుతుంది. నార పట్టాక వెనక్కి రావడం కష్టం. మొదటి ఏడాది మేము అంత గట్టిగా వెంటపడేది ఇందుకే.

దెబ్బ సరిగ్గా ఆ కొస మీదే తగిలినవాళ్ళ సంగతి వేరు. నరాల కేంద్రమే పోతుంది కాబట్టి వాళ్ళ మూత్రాశయం తనంత తాను ముడుచుకోదు, వదులుగా వేలాడుతుంది. నరం పోయిన కండ ఆ నరం ఇచ్చే రసాయనం కోసం ఆకలిగొన్నట్టు ఉండి, చుక్క దొరికినా ఎక్కువగా స్పందిస్తుందని పాత పరీక్షల్లోనే తేలింది. వదులు సంచి కదా అని ధీమాగా ఉండకూడదు. సాగి సాగి అది కూడా చివరికి బిరుసెక్కుతుంది. షుగరు వ్యాధి చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళలో కూడా నిండిన కబురు తెలియక ఇలాగే సంచి సాగిపోతుంది. మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ళు రోజుకు రెండుసార్లే వెళ్ళి, బాగానే ఉందంటుంటే ఒకసారి చూపించండి.

మళ్ళీ కిడ్నీల దగ్గరికి. కిడ్నీ నుంచి వచ్చే రెండు గొట్టాలు మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా దూరతాయి. సంచి నిండినప్పుడు గోడే ఆ గొట్టాన్ని నొక్కి మూస్తుంది, వెనక్కి పోకుండా. దేవుడిచ్చిన వాల్వు అది. గోడ మందమై ఆకారం మారితే ఆ వాల్వు పాడవుతుంది, మూత్రం వెనక్కి ఎక్కుతుంది. ఎక్కకపోయినా, లోపల ఒత్తిడి ఎక్కువుంటే పైనుంచి కిందికి దిగలేదు. చెరువు నిండి తూము పని చెయ్యకపోతే ఎగువ పొలాలు మునిగినట్టే. ఎంత ఒత్తిడి దాటితే ప్రమాదమో డాక్టర్లకు ఒక గుర్తు ఉంది. 40 సెంటీమీటర్ల ఎత్తు నీటికుండే ఒత్తిడి. మన భాషలో మూరెడుకు కాస్త తక్కువ. మూరెడు నీళ్ళే కదా అనిపిస్తుంది. రాత్రీ పగలూ అంత ఒత్తిడి మీద పడితే కిడ్నీ తట్టుకోలేదు.

ఒకప్పుడు వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్ళలో చాలామంది ప్రాణం పోయింది ఈ మూత్రపు జబ్బుల వల్లే, పడక పుండ్ల వల్లే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనికుల్లో నెలల్లోనే పోయినవాళ్ళు ఎక్కువ. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ అనే చోట డాక్టర్ లుడ్విగ్ గుట్‌మాన్ వీళ్ళ కోసమే ఒక వార్డు తెరిచారు. పైపు లోపలే వదిలెయ్యకుండా, వేళకు వేసి ఖాళీ చేసి తీసేసే పద్ధతి అక్కడ గట్టిగా పాటించారు. కానీ ఆపరేషన్ థియేటరులో లాగా చేతికి తొడుగులు, ఉడికించిన సామాను కావాలి. ఇంట్లో ఎవరు చేస్తారు? 1972లో అమెరికాలో డాక్టర్ లాపిడిస్, ఆయన బృందం ఒక వ్యాసం రాశారు. శుభ్రంగా సబ్బుతో కడిగిన చెయ్యి చాలు, రోగి తనే వేసుకోవచ్చు అని. ఆయన చెప్పిన కారణం నాకు చాలా నచ్చుతుంది: సంచి ఉబ్బిపోతే గోడకు రక్తం సరిగ్గా అందదు, రక్తం అందని గోడ క్రిములతో పోరాడలేదు. పూర్తి స్టెరైల్ కంటే వేళకు ఖాళీ కావడం ముఖ్యం. అప్పట్లో చాలామంది డాక్టర్లు నమ్మలేదట. ఆ బృందంలో ఒక నర్సు కూడా ఉంది, ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం!

మన పక్కనే వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ గారి గురించి మీలో కొందరు విని ఉంటారు, చిత్తూరు వైపు వాళ్ళకు తప్పక తెలుస్తుంది. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమెకు నడుం కింద చచ్చుబడింది. వీల్‌చైరులో కూర్చునే కుష్టు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రం వెనక ఉన్నది ఆమే. నడుం పడిపోతే బతుకు అయిపోయినట్టే అనుకునేవాళ్ళకు నేను ఆమె సంగతి చెబుతుంటాను.

ఇక మీరు ఇంట్లో చెయ్యాల్సింది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి, ఏ వేళా 400, 500 దాటకుండా. అందుకే ఒక ప్లాస్టిక్ మగ్గు కొని, దాని మీద 100 మి.లీ.ల గీతలు మేమే గీసి ఇస్తాం. ఒక నోటు పుస్తకంలో వేళ, కొలత రాయండి. రాయడం రాకపోతే గీతలు పెట్టండి, మేము చదువుకుంటాం. ఆ పుస్తకమే నాకు సగం స్కానింగ్. రోజూ 400 వచ్చే మనిషికి 200 దగ్గరే బట్టలు తడవడం మొదలైతే గోడ మారుతోందని అనుమానించాలి, వచ్చే నెల చెకప్ దాకా ఆగకూడదు. ముడుచుకోవడం తగ్గించే మాత్రలున్నాయి. నోరు ఎండుతుంది, విరేచనం బిగుస్తుంది, అందుకని చెప్పకుండా మానేస్తారు చాలామంది. మానేసేముందు మాకు చెప్పండి. మాత్రలు పని చెయ్యకపోతే మూత్రాశయం గోడలోకి బొటాక్స్ ఇంజెక్షను ఉంది, దాని పని కొన్ని నెలలుంటుంది. అన్నీ దాటిపోతే పేగు ముక్క అతికి సంచి పెద్దది చేసే ఆపరేషను.

పొత్తికడుపు గట్టిగా నొక్కి మూత్రం పోయించకండి. మంత్రసానుల దగ్గర, కొందరు ఆర్.ఎం.పి.ల దగ్గర ఈ సలహా దొరుకుతుంది. కింద మూతి బిగిసి ఉన్నప్పుడు పైన నొక్కితే అది కిడ్నీల్లోకే ఎక్కుతుంది. మూత్రం తగ్గుతుందని నీళ్ళు తాగడం మానిపించడం కూడా వద్దు. సాయంత్రం ఏడు తర్వాత కొంచెం తగ్గిస్తే చాలు. పగలంతా కుర్చీలో కూర్చున్నవాళ్ళకు కాళ్ళలో చేరిన నీరు రాత్రి పడుకోగానే మూత్రమై వస్తుంది, అందుకే తెల్లవారుజామున సంచి పొంగుతుంది. పడుకునే ముందు ఒకసారి, అవసరమైతే అలారం పెట్టుకుని మధ్యలో ఒకసారి.

పైపు ఎవరు వెయ్యాలి అన్నది ఇంకో గొడవ. చేతులు బాగున్నవాళ్ళయితే రోగే వేసుకోవాలి, అదే మర్యాద, అదే సుఖం. చేతులు లేవనప్పుడు ఇంట్లో ఎవరికి సిగ్గు తక్కువ, ఓపిక ఎక్కువ అని చూడండి. కోడలే చెయ్యాలని ఎక్కడా రాసి లేదు. మా దగ్గర ఒక అబ్బాయి వాళ్ళమ్మకు వేస్తాడు. మొదటి రోజు ఇద్దరూ ఏడ్చారు. ఇప్పుడు ఆవిడ పైపు వేసే వేళకి టీవీ సీరియల్ గురించి మాట్లాడుతుందట.

మూత్రం రంగు మారిందనో, వాసన వచ్చిందనో మందుల షాపులో యాంటీబయాటిక్ కొనకండి. పైపు వాడేవాళ్ళ మూత్రంలో క్రిములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి, జబ్బు లేకుండా మందు వేస్తే క్రిములు మొండివవుతాయి. జ్వరం, చలి, కొత్తగా కాళ్ళు బిగదియ్యడం, రక్తం పడడం ఉంటే మాత్రం ఆ రోజే రండి.

ఛాతీ మధ్య దాకా, అంతకంటే పైదాకా స్పర్శ లేని రోగులున్నవాళ్ళు చెయ్యెత్తండి. ముగ్గురు. మీకు ఒక్క మాట విడిగా చెప్పాలి. సంచి నిండిపోతే మీ మనిషికి నొప్పి తెలియదు గానీ బి.పి. ఒక్కసారిగా పైకి పోతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు. వెంటనే లేపి కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. బిగువు బట్టలు వదులు చెయ్యండి, పైపు ఉంటే ఎక్కడైనా మెలిపడిందేమో చూడండి, లేకపోతే వేసి ఖాళీ చెయ్యండి. విరేచనం గట్టిపడినా ఇలా రావచ్చు. తగ్గకపోతే 108కి ఫోను చెయ్యండి. అక్కడి డాక్టరుకు వెన్నుపాము దెబ్బ సంగతి మీరే ముందు చెప్పాలి.

పైపు లోపలే పెట్టి పంపిన కుటుంబాలు నాలుగున్నాయి. మీ మనిషి సంచి నిండకుండా ఎప్పుడూ ఖాళీగా ఉండడం వల్ల చిన్నదై ముడుచుకుపోతుంది, రాళ్ళు పట్టవచ్చు, చాలా ఏళ్ళు ఉంచేస్తే అరుదుగా క్యాన్సరు కూడా రావచ్చు. కొందరికి వేరే దారి లేదు, అందుకే పెట్టాం. చెప్పిన తేదీకి మార్పించడం మాత్రం మానకండి. అందరూ ఏడాదికొకసారి కిడ్నీ స్కానింగు, క్రియాటినిన్ చేయించాలి, మనిషి ఎంత బాగున్నట్టు కనపడినా సరే.

ఆ పెద్దాయన ఎక్కడున్నారు? అదిగో. మీవాడికి దెబ్బ పై నడుం కంటే పైనే తగిలింది, అంటే తనంత తాను ముడుచుకునే రకం. నిన్న పైపు వేసినప్పుడు 380 వచ్చింది, మధ్యలో తడవలేదు. ఇప్పటికి బాగుంది. ఇక మగ్గులు తెచ్చుకున్నవాళ్ళు నర్సుల టేబులు దగ్గరికి రండి, గీతలు గీసుకుందాం. డిశ్చార్జి కాగితం తెలుగులో రాసింది కావాలంటే మీ బెడ్ నంబరు చెప్పండి, రేపు మధ్యాహ్నానికి నేనే రాసిస్తాను.